ఇంటి అద్దకము – నాడును నేడును



ఈ సాయంకాలము నేను మీకు చెప్పదలచినది రాజుల కథ కాదు, యుద్ధముల కథ కాదు. మా ఇంటి కుర్చీల మీది గలేబుల కథ. ఇంత చిన్న సంగతికి రేడియోలో కాలమేల అని మీరు నవ్వవచ్చును. అయినను ఆ గలేబులకు రంగు వేయబోయి మేము భంగపడిన తీరును, దాని కారణము వెదకుచు నేను తెలిసికొన్న విషయములను చెప్పినచో, నాలుగువేల యేండ్లకు పైగా మన దేశమున వర్ధిల్లిన ఒక విద్య మన ఇండ్లనుండి ఎట్లు వెడలిపోయినదో మీకే తెలియగలదు.

మాది కొత్తకోట. హైదరాబాదునుండి కర్నూలునకు పోవు పెద్దబాట మీద నున్న ఊరు. పూర్వము మహబూబునగరు జిల్లాలో నుండెను. 2016వ సంవత్సరము అక్టోబరు నెలలో క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు వనపర్తి జిల్లాలో చేరినది. మా ఊర మగ్గములు కలవు. చుట్టుపట్ల గద్వాల, అమరచింత, రాజోలి, నారాయణపేట నేతకు పేరు గన్నవి. గద్వాల చీరెకు నడుమభాగము నూలు, అంచులును కొంగును పట్టు. నూలునకు ఒక తీరు, పట్టునకు ఒక తీరు రంగు వేయవలెనని మా వైపు నేతవారికి పుట్టుకతో వచ్చిన జ్ఞానము. నేను మాత్రము బడిలో చరిత్ర చెప్పి విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయుడను. నూలు వలువల నడుమ బ్రతికియు నూలు సంగతి ఎరుగనివాడను.

మా ఇంట ఒక సోఫాయు నాలుగు కుర్చీలును కలవు. వానికి గలేబులను నా భార్య తన చేతులతో కుట్టెను. ఆమె గతించి ఆరేండ్లయినది. బట్ట పట్నపు అంగడిలో కొన్నది, దానిమ్మగింజ వన్నె. పడమటి కిటికీనుండి పడు ఎండకు అది ఏటేట వెలిసి, కడకు ఎండిన ఉల్లిపొర వలె నయ్యెను. పోయిన దసరాకు ముందు ఇంటికి సున్నము వేయించుచుండగా నా కోడలు, “మామయ్యా, అత్తమ్మ చేతిపనిని తీసివేయ మనసు రాదు. వీనికి రంగు వేసికొందము” అనెను. నాకును ఆ మాట నచ్చెను.

అంగడిలో ఎర్రరంగు పొట్లములు దొరకెను. పండుగలకు అన్నము వండు పెద్ద ఇత్తడి గుండిగను పొయ్యిమీద పెట్టి, పొట్లముమీద వ్రాసిన విధముననే ఉప్పు వేసి, రంగు కలిపి, గలేబులను గంటసేపు ఉడికించితిమి. పైకి తీసినప్పుడు బట్ట ఎర్రగనే యుండెను. మా సంతోషము బావిగట్టు దాక మాత్రమే నిలిచెను. మంచినీట రెండుమార్లు జాడింపగనే రంగంతయు నీటిపాలయ్యెను. బట్ట మునుపటి వలెనే వెలవెలబోయి మిగిలెను. కాని ఒక్క వింత. నా భార్య కుట్టిన దారము నూలుదారము. అది మాత్రము చక్కని ఎరుపెక్కి, ఆమె వేసిన ప్రతి కుట్టును ఎత్తి చూపుచు నిలిచెను.

ఒకే గుండిగ, ఒకే రంగు, ఒకే మంట. దారము రంగు పట్టినది, బట్ట విడిచినది. ఏల?

మా వీధి చివర ఒక సాలె పెద్దయ్య కలడు. చూపు తగ్గి మగ్గము విడిచినాడు గాని వ్రేళ్ళకు జ్ఞానము తగ్గలేదు. ఆయన గలేబును రెండు వ్రేళ్ళ నడుమ నలిపి చూచి, ఒక మూలను నీట ముంచి తీసి, దులిపి, “సారూ, ఇది మన నూలు గాదు. నీళ్లు తాగని దారం రంగేం తాగుతది?” అనెను. నేను ముప్పది యేండ్లు చరిత్ర చెప్పినవాడను. ఆ ఒక్క మాటలో నున్నంత చరిత్ర నా పాఠములలో లేకపోయెనని నాకు తోచినది. నాటినుండి రంగుల కథను వెదకి చదువ నారంభించితిని. ఆ చదివినదే మీకు విన్నవించుచున్నాను.

మొదట తెలియవలసినది ఇది. మన పెద్దలకును ప్రత్తినూలు సులభముగా లొంగలేదు. ఉన్నియు పట్టును జీవుల శరీరములనుండి వచ్చినవి. అవి రంగును త్వరగా గ్రహించును. ప్రత్తి చెట్టునుండి వచ్చినది. అది నీరు త్రాగును గాని, వేళ్ళనుండియు పూలనుండియు తీసిన రంగులలో పెక్కింటిని పట్టియుంచుకొనదు. పసుపునీట ముంచిన పంచె కొన్ని ఎండలకే తెల్లబడుట మీరెరుగుదురు. మన మెట్టచేలలో పండు కుసుమపూవు ఎరుపును అట్టిదే. కన్నులకు పండుగ, నిలుకడకు సున్న. అట్టి ప్రత్తికి చెరగని ఎరుపును పట్టించు విద్యను మన దేశమువారు అతి ప్రాచీనకాలముననే సాధించిరి. సింధునదీ ప్రాంతమున మొహెంజోదారో త్రవ్వకములలో ఒక వెండిపాత్రకు అంటుకొనియున్న ప్రత్తిబట్ట తునుక దొరకినది. దానిని పరీక్షించినవారు అది ఎర్రవేరు జాతి రంగుతో అద్దినదని నిర్ణయించిరి. అది నాలుగువేల యేండ్లకు పైబడిన బట్ట.

ఆ విద్యలోని కీలకము పటికలో నున్నది. బట్టను కరక్కాయ నీటిలోను పాలలోను తడిపి ఆరవేయుదురు. పిమ్మట పటికనీరు పట్టింతురు. తరువాత చిరివేరు వేసిన కాగులో ఉడుకబెట్టుదురు. కరక్కాయలోని వగరు నూలును పట్టుకొనును. పటిక ఆ వగరును పట్టుకొనును. వేరులోని ఎరుపు పటికను పట్టుకొనును. పెండ్లిపేరయ్య రెండిండ్లను కలిపినట్లు పటిక నూలును రంగును కలుపును. పటికకు మారుగా, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీట నానవేసి తీసిన నీరు పెట్టినచో, అది కరక్కాయ వగరుతో కలిసి నలుపగును. కలంకారీ బట్టల మీది ఎరుపునకును నలుపునకును మూలమిదియే. చిరివేరు దొరకని చోట తొగరుచెట్టు వేరును వాడిరి. తెలుగున ఎరుపునకు ‘తొగరు’ అను పేరుండుట ఈ సందర్భమున గమనింపదగినది.

మచిలీపట్టణము గోలకొండ రాజ్యమునకు రేవు. అచట డచ్చివారు 1605వ సంవత్సరము ప్రాంతమునను, ఆంగ్లేయులు 1611లోను వర్తకశాలలు నెలకొల్పిరి. వారు ఓడలలో నింపికొనిపోయిన సరకులలో ఈ ఎర్రని అద్దకపు బట్టలు ముఖ్యమైనవి. ఉదికిన కొలది వన్నె కెక్కు ప్రత్తిబట్టను చూచి ఐరోపావారు ఆశ్చర్యపడిరి. ఆ మర్మమును తెలిసికొనుటకు వారు పడిన పాట్లు తక్కువవి కావు. తెలుగు నేర్చి తెలుగునకు నిఘంటువు కూడ కూర్చిన కూర్దో అను ఫ్రెంచి మతగురువు, ఇచటి అద్దకపు పనివారిని అడిగి తెలిసికొని, 1742వ సంవత్సరమున ఆ పద్ధతినంతయు తన దేశమునకు జాబు వ్రాసెను. మనవారు తాతలనుండి నేర్చిన పని ఆ విధముగా అచ్చెక్కి పరదేశపు పనిశాలలకు పాఠమయ్యెను.

పటికకు తోడుగా నూనెను వాడు పద్ధతియు కలదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో నేటికిని నేయు తేలియా రుమాలు దీనికి సాక్షి. ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో నూనె వేసి చిలికి, నూలును అందు పిసికి, ఎండబెట్టి, మరల పిసికి, మరల ఎండబెట్టి, ఇట్లు ఎన్నో దినములు చేయుదురు. అటుపిమ్మటనే ఎరుపునకు పెట్టుదురు. నూనె వాసన నిలిచియుండుటచేతనే దానికి తేలియా అను పేరు. చీరాలలో ప్రసిద్ధికెక్కిన ఈ రుమాళ్ళు అరబ్బుల దేశములకును ఆఫ్రికాకును తలగుడ్డలుగా పోయెడివి. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో చీరాలనుండి ఈ కట్టు అద్దకపు పని మన పోచంపల్లి వైపునకు వ్యాపించెను. 2020లో తేలియా రుమాలునకు ప్రభుత్వము భౌగోళిక గుర్తింపు నిచ్చినది.

నీలి సంగతి వేరు. నీలిమందు నీటిలో కరగదు. కరగనిది నూలులోనికి పోదు. కనుక మనవారు సున్నము, బెల్లము, తగిరిస గింజల ఉడుకునీరు కలిపి కాగులో పులియబెట్టిరి. పులిసిన కాగులో నీలి తన వన్నె విడిచి కరగును. అందు ముంచిన నూలు పైకి తీసినప్పుడు పసుపుపచ్చగా నుండి, గాలి తగిలిన కొలది కన్నులయెదుటనే నీలమగును. గాలి తగిలి నూలులోపల మరల గట్టిపడిన నీలి ఇక వెలికి రాదు. గ్రీకులు దీనిని మన దేశపు పేరుతోనే ఇండికాన్ అని పిలిచిరి. కడప, కర్నూలు, నెల్లూరు సీమలలో నీలిపంట విరివిగా నుండెడిది.

ఈ మూడింటిని కలిపి చూచినచో ఒక సూత్రము తేలును. మన అద్దకపువాడు ముందు రంగును గురించి ఆలోచించలేదు. ముందు నూలును అడిగెను: నీకేమి కావలెను? పులుపా, వగరా, నూనెయా, పటికయా? నూలు కోరినది దానికిచ్చి, తరువాత రంగు తెచ్చెను. ఈ విద్య కాగుల యొద్దనే కాక ఇండ్లలోను కొంతవరకుండెను. నా చిన్నతనమున మా అవ్వ వెలిసిన చీరెలను కరక్కాయ, అన్నభేది వేసి నల్లగా చేసి బొంతలు కుట్టుచుండెను. గొఱ్ఱె గొంగడిని మాత్రము ఆమె కాగులో వేయనిచ్చెడిది కాదు. మన పాలమూరు నల్లగొఱ్ఱె ఉన్నికి పుట్టుకతో వచ్చిన నలుపే చాలును, దానికి కుండ అక్కరలేదని ఆమె తీర్పు. ఏది రంగు కోరును, ఏది కోరదు అను వివేకము అక్షరము రాని మా అవ్వకుండెను. అక్షరములు దిద్దించిన నాకు లేకపోయెను.

ఇక ఆ వివేకము ఎట్లు పోయినదో చెప్పెదను. 1856వ సంవత్సరమున లండనులో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి చలిజ్వరపు మందైన క్వినైనును నేలబొగ్గు కీలునుండి తీసిన పదార్థముతో చేయజూచెను. మందు రాలేదు, ఊదారంగు వచ్చెను. నేలబొగ్గు కీలునుండి రంగులు తీయు పరిశ్రమ అచటినుండి పెరిగెను. 1868లో బెర్లినులో గ్రేబె, లీబర్మాన్ అను ఇరువురు పండితులు ఎర్రవేరులోని రంగుపదార్థమును, అనగా మన చిరివేరులోను ఉండు అదే పదార్థమును, పనిశాలలో సృష్టించిరి. 1884లో పటిక సాయము లేకనే ప్రత్తిని నేరుగా పట్టు ఎర్రరంగు జర్మనీలో పుట్టెను. 1897లో జర్మనీవారే కృత్రిమ నీలిని అంగడికి తెచ్చిరి.

ఫలితము మీరూహింపవచ్చును. చిరివేరు త్రవ్వువారికి పని పోయెను. నీలిచేలు క్రమముగా మాయమయ్యెను. నీలి పేరిట బెంగాలు రైతు పడిన బాధలు, 1859లో వారు తిరుగబడుట, 1917లో చంపారనులో గాంధీగారు చేసిన సత్యాగ్రహము మీరెరిగినవే. కనుక ఆ పంట పోయినదని అందరును దుఃఖింపవలసిన పని లేదు. పొట్లపురంగు వలన సాలెవానికి శ్రమయు తగ్గెను. మూడు వారముల నూనెపని లేకుండ గంటలలో నూలు ఎరుపెక్కుట సామాన్యమైన మేలు కాదు. తేలియా రుమాలు వారు సయితము వేరును విడిచి కృత్రిమపు ఎరుపును చేపట్టిరి. నేను పాతదానిని పొగడి క్రొత్తదానిని తెగడుటకు రాలేదు.

అయితే ఒక నష్టము మాత్రము కంటికి కనబడక జరిగెను. పొట్లము వచ్చిన నాటినుండి నూలును అడుగు అలవాటు పోయెను. 1884 నాటి రంగు వంటివి పొట్లములలో కట్టి అమ్మగా, ‘నీట కలుపుము, ఉప్పు వేయుము, ఉడికింపుము’ అను మూడు మాటలే విద్యయై కూర్చుండెను. ఇంట నున్న బట్టలన్నియు ప్రత్తివే అయినంతకాలము ఆ మూడు మాటలతో పని జరిగెను. బట్ట మారినప్పుడు మోసము బయటపడెను.

బట్ట మారుట ఇట్లు జరిగెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇంగ్లండులో ఎసిటేటు అను క్రొత్త కృత్రిమపు దారము అంగడికి వచ్చెను. చూడ పట్టువలె మెరయుచుండెను. కాని నాటి రంగులలో దాదాపు ఏదియు దానిని పట్టలేదు. రంగుల నిపుణులే, మొన్న మా కోడలు బావిగట్టున నిలుచున్నట్లు, రంగునీటిని చూచుచు నిలుచుండిరి. కొన్నియేండ్ల ప్రయత్నమున, 1920వ దశకములోనే, వారొక ఉపాయము కనిపెట్టిరి. నీట కరగని రంగును మిక్కిలి మెత్తని పొడిగా నూరి నీటిలో చెదరగొట్టిరి. ఆ దారమునకు నీటికంటె అట్టి రంగే ఇష్టము. అది నీటిని విడిచి దారములో దూరెను. వీనిని డిస్పర్స్ రంగులందురు.

తరువాత 1935లో అమెరికాలో కరోథర్సు అను రసాయన పండితుడు నైలానును సృష్టించెను. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సన్ అనువారు పాలియెస్టరు దారమును కనుగొనిరి; టెరిలీను అను పేరుతో మనమెరిగినది అదియే. మా ప్రాంతమునకు అది 1970వ దశకమున బాగుగా వచ్చెను. రాత్రి ఉతికిన చొక్కా తెల్లవారునప్పటికి ఆరును, ఇస్త్రీ అక్కరలేదు, చినుగదు. పెండ్లికి టెరిలీను చొక్కా పెట్టని మామగారికి మాట దక్కని దినములవి. రాత్రికి రాత్రి ఆరుట అను ఆ గుణమే రంగు పట్టకుండుట అను దోషమని అప్పుడు మాలో ఎవ్వరికి తోచును?

నూరు తులముల ప్రత్తి గాలిలోని తేమను సుమారు ఎనిమిది తులములు పీల్చియుండును. నైలాను నాలుగు తులములు. టెరిలీను అర తులమైనను పీల్చదు. అది నేలనూనెనుండి తీసిన పదార్థములతో చేయబడి, కరగించి, సన్నని రంధ్రముల గుండ దారముగా తీయబడినది. దానిలోని పోగులు మిక్కిలి దగ్గరగా బిగిసియుండును. నీరు చొరని చోట నీట కరగిన రంగు ఎట్లు చొచ్చును? మా గుండిగలోని రంగు బట్టమీద కూర్చున్నది గాని ఇల్లు చేరలేదు. కుట్టుదారము ప్రత్తి గనుక తలుపు తెరచెను. మా వీధి పెద్దయ్య ఒక్క మాటలో చెప్పినదియు ఇదియే.

ఆ బిగువును సడలించునది వేడి. పనిశాలలలో డిస్పర్స్ రంగును, పాలియెస్టరు బట్టను, మూతగట్టిన బలమైన పాత్రలలో నీటి మరుగుకంటె మించిన వేడిలో, సుమారు 130 డిగ్రీల యొద్ద ఉంచుదురు. ఆ వేడికి పోగులు సడలి రంగునకు త్రోవ ఇచ్చును. చల్లారగనే త్రోవ మూసికొని రంగు లోపల బందీయగును. ఇంటి పొయ్యిమీద తెరచిన పాత్రలో నీరు 100 డిగ్రీలు దాటదు. అందుచే లేతవన్నె వచ్చుట సాధ్యమే గాని ముదురువన్నె దుర్లభము. ముదురు కొరకై పూర్వము కొన్ని ఘాటైన మందులను కలుపుచుండిరి. వాని ఆవిరి ఆరోగ్యమునకు చెరుపు. అవి ఇండ్లలో వాడదగినవి కావు.

ఇంతవరకు చరిత్ర. పెద్దలు, కుటుంబభారము మోయువారు గనుక, ఇంట ఎవరైన ఈ పని తలపెట్టినచో మీరు చెప్పదగిన నాలుగు మాటలు ఇపుడు చెప్పెదను.

మొదటిది, బట్టను అడుగుడు. కుట్టు లోపలినుండి రెండు పోగులు తీసి, బయట, గాలిలేని చోట, పట్టకారుతో పట్టుకొని నిప్పు చూపుడు. ప్రత్తి కాగితమువలె మండి మెత్తని బూడిదయగును. ఉన్నియు పట్టును వెండ్రుక కాలిన వాసన వేయును. టెరిలీనును నైలానును ముడుచుకొని కరగి, చల్లారిన పిమ్మట గట్టి పూసగా మారును. కరగిన బొట్టు చేతిపై పడినచో చర్మమును పట్టుకొని కాల్చును గనుక పిల్లలను దూరముగా నుంచవలెను.

రెండవది, బట్టకు తగిన రంగు. ప్రత్తికి 1956నుండి అంగడిలో నున్న రియాక్టివు రంగులు చన్నీటనే, సోడాతో, నూలుతో ఒక్కటై నిలుచును. పట్టునకు, ఉన్నికి, నైలానునకు వెనిగరు పులుపు కోరు ఆసిడ్ రంగులు తగును. టెరిలీనునకు డిస్పర్స్ రంగొక్కటే. ఇండ్లలో వాడుకొనుటకును అట్టివి నేడు అమ్ముచున్నారు. ఇంచుమించు మరుగునీటిలో అరగంటకు పైగా ఉంచవలెను. ప్లాస్టికు చాపల వంటి పాలిప్రొపిలీను బట్టకు ఏ రంగును పట్టదు. దానికి రంగు కరగించునప్పుడే కలుపుదురు. సగము నూలు, సగము టెరిలీను కలిసిన బట్టకు ఒక్క రంగు వేసినచో సగము వన్నెయే వచ్చును.

మూడవది, గలేబును తిరుగవేసి చూడుడు. సోఫా బట్టలలో కొన్నింటికి వెనుక రబ్బరు వంటి పూత ఉండును. మరుగునీటిలో అది ఊడును, బట్ట ముడుచుకొనును, మరల సోఫాకు పట్టదు. ముదురువన్నెను లేతగా చేయుట ఏ రంగుతోను కాదు. ముందు ఒక చిన్న తునుకకు వేసి, ఉతికి, ఆరవేసి చూడక మొత్తమును ముంచరాదు.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. రంగు ఉడికించిన పాత్రలో మరల వంట చేయరాదు. మా ఇత్తడి గుండిగ ఆ దసరాతో వంటయిల్లు విడిచినది. ఇంటి ప్రెషరు కుక్కరుతో ఈ సాహసము చేయరాదు. రంగుపొడి ముక్కున పడకుండ గుడ్డ కట్టుకొనవలెను, చేతులకు తొడుగులుండవలెను, ఆవిరి పోవుటకు ఆరుబయలే మేలు. మిగిలిన రంగునీటిని బావియొద్ద గాని చెరువుగట్టున గాని పారబోయరాదు. ఈ తప్పు మేము చేసితిమి గనుకనే చెప్పుచున్నాను. కొన్ని జాతుల కృత్రిమరంగులు శరీరమున కాన్సరు వ్యాధిని కలిగించు పదార్థములుగా విడిపోవునని తెలిసి, జర్మనీ 1994లోను, మన ప్రభుత్వము అదే దశకమునను వానిని నిషేధించిరి. కాబట్టి పేరు లేని పొట్లమును కొనరాదు.

ఇంత చెప్పిన పిమ్మట మీరడుగవచ్చును: ఇంత బాధ ఎందులకు? క్రొత్త గలేబులు కొనుట సులభము కదా? నిజమే. టెరిలీను గలేబు వెలిసినచో పారవేయుటయే నేటి ఆచారము. ప్రత్తిచీరె చీరెగా చిరిగి, బొంతయై, మసిగుడ్డయై, కడకు మట్టిలో కలిసెడిది. ప్రతి మెట్టునను ఇంటి ఆడవారి చేయి దానిపై పడెడిది. పారవేసిన టెరిలీను మట్టిలో కలియదు, మన తరము దాటియు ఉండును. అది మన్నిక కలదియే. మన్నిక తప్పు కాదు. దానిని తిరిగి పనికి తెచ్చు ఉపాయము మన చేతిలో లేకపోవుటయే లోపము. వస్తువును బాగుచేసికొను తెలివి పోయిన ఇల్లు, ఎంత కలిగినదైనను, అంగడికి అప్పుపడిన ఇల్లే.

ఆ తెలివి పూర్తిగా పోలేదు. మన ఊళ్ళలో వ్రేళ్ళతో నలిపి నూలును గుర్తుపట్టు పెద్దలు ఇంకను కొందరున్నారు. వారి మనుమలు మగ్గము విడిచి పట్నములకు పోవుచున్నారు. నేను వారిని తప్పుపట్టను. మగ్గము కూడు పెట్టనప్పుడు ఎవ్వరైనను పోక తప్పదు. అయితే ఆ పెద్దలు ఉండగనే వారి యొద్ద కూర్చుండి అడుగుట మన చేతిలోని పని. ఏ నూలునకు ఏది ఇష్టము, ఏ ఆకు ఏ వన్నె ఇచ్చును, ఏది నిలుచును, ఏది వెలియును – చదువు వచ్చిన మనుమరాలిచేత ఒక నోటుపుస్తకమున వ్రాయించినను చాలును. నా భార్య ఏ బట్టను ఎందులకు ఎన్నుకొనినదో నేను ఒక్కనాడును అడుగలేదు. ఇప్పుడు అడుగుటకు ఆమె లేదు.

గలేబుల సంగతి చెప్పి ముగించెదను. పెద్దయ్య మాట విని మేము వానిని మరల కాగులో వేయలేదు. మా ఊరి మగ్గపు నూలుబట్ట కొని, ఆయన చెప్పిన రీతిని రంగు వేసి, నా కోడలు సోఫాకును మూడు కుర్చీలకును క్రొత్త గలేబులు కుట్టెను. నాలుగవ కుర్చీ నాది. దానికి పాతదే ఉంచుమంటిని. వెలిసిన బట్టమీద ఎర్రని కుట్లు వరుసగా కనబడుచున్నవి. ఒక మూల ఆమె తప్పుకుట్టు వేసి, విప్పి, మరల వేసిన చోటు కూడ తెలియుచున్నది. ఇరువదియేండ్లు ఆ కుర్చీలో కూర్చుండియు నేను దానిని చూచియుండలేదు.